లైటు రెండుసార్లు

ప్రియమైన నాన్నకి,

కంగారుపడకుండా చదువు. ఇప్పుడు బాగానే ఉన్నాను. మొన్న పొద్దున్నే అలారం మోగింది. ఆపుదామని చెయ్యి చాపినంతవరకే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి నేలమీద ఉన్నాను. పక్కగది టీచరమ్మ ఏడుస్తూనే నా ఛాతీని రెండు చేతులతో నొక్కుతోంది.

గుండె రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయిట. కొట్టుకునే తీరులోనే తేడా. ఒక్కో దెబ్బ తర్వాత మళ్ళీ సిద్ధం కావడానికి నా గుండెకి మామూలుకంటే ఎక్కువసేపు పడుతుందిట. ఆ సందులో చప్పుడుకి ఉలిక్కిపడితే కొట్టుకోవడం మానేసి వణుకుతుందిట. అలారం, ఫోను, హారను, ఏదైనా చాలు. ఇది అమ్మ నుంచో నాన్న నుంచో జన్యువుల్లో వస్తుందన్నారు.

నాకైతే అమ్మ నుంచే. వంటగదిలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది కదా. పిన్నినీ మామయ్యనీ రక్తపరీక్ష చేయించుకోమన్నాను. నీ రక్తం కూడా కావాలిట, ఊరికే సరిచూసుకోవడానికి.

నిద్రపోవాలంటే భయంగా ఉంది నాన్నా. అలారం పారేసి, టైముకి వెలిగే లైటు కొనుక్కున్నాను. బాయిలర్ షెడ్డులో నీకు వినపడదని లైటుతో పిలుస్తారని నవ్వేదాన్ని, ఇప్పుడు నేనూ అలాగే లేస్తున్నాను.

నీ
పిడుగు

~

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం షెడ్డులోనే చదివాను. సగం బాదిన బాయిలర్ రేకు అలాగే వదిలేసి బల్ల మీద కూర్చుండిపోయాను. మేస్త్రీ వచ్చి లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించినా తల ఎత్తలేదుట. చివరికి భుజం పట్టుకుని ఊపాడు.

రక్తం ఇచ్చి వచ్చాను. "నా గుండె బాయిలర్ రేకమ్మా, దాన్లో ఏం వెతుకుతారు?" అన్నాను నర్సుతో. ఆవిడ ఏదో అంది, నాకేం వినపడింది? తలూపి వచ్చేశాను. మా వైపు అందరివీ మొండి ప్రాణాలే. మీ చిన్నత్త ఒక్కతే చిన్నవయసులో పోయింది, అదీ లారీ వల్ల. సైకిల్ మీద వెళ్తుంటే వెనకనుంచి వచ్చాడు, పాపిష్టివాడు.

మందులు మానకు. ఒంటరిగా పడుకోకు, టీచరమ్మని తోడు పిలువు. నీకేమన్నా అయితే నేను ఎవరి కోసం ఈ రేకులు బాదాలి?

నీ
చెవిటి నాన్న

~

ప్రియమైన నాన్నకి,

మందులు ఒక్కటీ మానలేదు. అయినా ఛాతీలో చిన్న యంత్రం పెట్టాలంటున్నారు. లయ తప్పితే అదే లోపలినుంచి కరెంటు దెబ్బ కొట్టి దారిలో పెడుతుందిట. వచ్చేవారం ఆపరేషను. సంతకం పెట్టేశాను.

ఒక్కటే కోరిక. షెడ్డు మోతకి నీకు చెవులు పోయేనాటికి నాకింకా మాటలు సరిగ్గా రాలేదు. ఈ గొంతు నువ్వు ఒక్కసారీ వినలేదు. మత్తు ఇచ్చేముందు ఫోనులో నాన్నా అని పిలిస్తే, నువ్వు ఊఁ అనాలి. అందుకే చెవి మెషీన్ పంపిస్తున్నాను. షాపతను ఇంటికొచ్చి అమరుస్తాడు. తిట్టకు, తీసి పెట్టెలో పడెయ్యకు. చుట్టూ చప్పుళ్ళకి అలవాటు పడు, చాలు.

నీ
పిడుగు

~

ప్రియమైన నాన్నా,

చెవి మెషీన్ పెట్టుకోకు. పెట్టుకుని ఉంటే ఇది చదువుతూనే తీసెయ్.

రక్తపరీక్షలు వచ్చాయి. పిన్నికి లేదు. మామయ్యకీ లేదు. అమ్మ పోయింది వేరే దేనివల్లో. నీ రక్తంలో ఉంది. నాకున్న తేడాయే, అచ్చంగా అదే. నీ గుండె గట్టిదని అనుకున్నాం. కాదు నాన్నా, దాన్ని ఉలిక్కిపడేలా చేసే చప్పుడు ఇన్నేళ్ళూ నీ చెవిన పడలేదు, అంతే. ఇప్పుడు నేనే నీకు చెవులు పంపాను.

షెడ్డుకి ఫోను చేస్తూనే ఉన్నాను, ఆ మోతలో ఎవరికీ వినపడటం లేదేమో. నన్ను ఆసుపత్రినుంచి కదలనివ్వడం లేదు. మా ఆఫీసు డ్రైవరు అటే వస్తుంటే ఈ చీటీ అతనికిచ్చి తరిమాను. అతనితోపాటే కారెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళు. నువ్వు వెళ్ళావని తెలిసేదాకా నేను ఆపరేషను బల్ల ఎక్కను. బతిమాలుతున్నాను.

నీ
పిడుగు

~

ప్రియమైన పిడుగుకి,

ఆసుపత్రి మంచం మీదనుంచి రాస్తున్నాను. బతికే ఉన్నాను. నీ డ్రైవరు వాకిట్లోకి వచ్చేసరికి మెషీన్ నా చేతిలోనే ఉంది. రెండోసారి పెట్టుకోబోతున్నాను.

మొదటిసారి సంగతి నీకు దాచను. షాపతను అమర్చి వెళ్ళాక పండగే అనుకో. కుళాయి బొట్టుబొట్టుగా కారడం విన్నాను. నా చెప్పులు అంత గోల చేస్తాయని ఎవరూ చెప్పలేదేం? మురిసిపోతూ షెడ్డుకి పెట్టుకెళ్ళాను. భోజనాల సైరన్ మోగింది. ఇంకేం తెలియదు. లేచేసరికి మేస్త్రీ మొహం మీద నీళ్ళు కొడుతున్నాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను. నీ చీటీ రాకపోతే మర్నాడూ పెట్టుకెళ్ళేవాణ్ణి.

నువ్వు మింగే మందే నాకూ ఇస్తున్నారు. మీ చిన్నత్త గురించి డాక్టరు కాగితం మీద రాసి అడిగితే చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఆ లారీ దాన్ని తాకలేదమ్మా. ఒంటిమీద గీత కూడా లేదు. దగ్గరికొచ్చి హారన్ కొట్టాడు, అంతే. తాకలేదని ఆ లారీవాడు మొత్తుకుంటూనే ఉన్నాడు, మేమెవరమూ వినలేదు.

ఇన్నేళ్ళూ చెవులు తినేసిందని ఆ షెడ్డుని తిట్టుకున్నాను. నన్ను ఇన్నాళ్ళు బతికించింది అదేనట. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. నాకు చాలా భయంగా ఉంది తల్లీ. నా కోసం కాదు, నేనిచ్చిన గుండెతో నువ్వు ఆ బల్ల ఎక్కాలి.

నువ్వు చెప్పినట్టే వచ్చేశాను, ఇక నువ్వు ఎక్కు. ఫోను వద్దు. కోలుకున్నాక ఇక్కడికే రా. డాక్టరు పక్కనుంటే, సౌండు బాగా తగ్గించి, మెషీన్ కాసేపు పెట్టుకోవచ్చన్నారు. వెనకనుంచి రాకు. గుమ్మంలో నిలబడి లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించు. నేను తల ఎత్తి నిన్ను చూసి, మెషీన్ చెవిలో పెట్టుకుంటాను. అప్పుడు మెల్లిగా నాన్నా అను.

ఊఁ అంటాను.

నీ
నాన్న