కుడితి తొట్టి అన్న మాట

వాట్‌గంజ్, కోల్‌కతా
14 జూన్ 2009

చిరంజీవి దాలమ్మను మనసారా దీవించి నాన్న రాస్తున్న ఉత్తరం. తుఫాను వెళ్ళి ఇరవై రోజులైంది. మీ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. పారాదీప్‌లో నువ్వూ, అల్లుడు పోలిరాజూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఇంటి మీద రెండు రేకులు లేచి పక్కవాళ్ళ వాకిట్లో పడ్డాయి. ఎవరికీ తగల్లేదు. పార్టీ ఆఫీసు వాళ్ళు టార్పాలిన్ తెచ్చి కప్పి వెళ్ళారు. మొన్న ఓట్లు తారుమారైనప్పటినుంచి వాళ్ళు పిలవకుండానే వస్తున్నారు. అమ్మ మోకాలు అలాగే ఉంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, మీ అమ్మ ఆయన్నే మార్చేసింది. నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు అందాయి. కూర్మయ్యకి కూడా ఇచ్చాం. ఓడరేవు డాకుల్లో మూటలు మోసిన కూర్మయ్య నీకు గుర్తే కదా, ఇప్పుడు ఏక్‌బాల్‌పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ చేపల వాసన చూసి పిల్లాడిలా నవ్వాడు.

అమ్మ రోజూ అడుగుతోంది. "గుంటకి ఉత్తరం రాసినావా? వారం నుంచీ కాయితం ముందరెట్టుకుని ఏటి సేస్తన్నావు?" అని. నీ ఉత్తరంలో చివరి ఐదు వాక్యాలకి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు పట్టింది, తల్లీ.

నీకు తెలియని సంగతితో మొదలుపెడతాను. పెళ్ళికి ముందు నువ్వు నన్ను సైబర్ కేఫ్‌కి తీసుకెళ్ళి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం నేర్పావు కదా. నువ్వు వెళ్ళాక కూడా నేను అక్కడికి పోతూనే ఉన్నాను. రిటైరయ్యాక ఓడల కార్ఖానా గేటు ముందు నిలబడితే సెక్యూరిటీ కుర్రాడు "కీ చాయ్, దాదూ?" అని అడిగాడు. ముప్ఫై నాలుగేళ్ళు వడ్రంగం చేసిన చోట 'ఏం కావాలి, తాతా' అని అడిగించుకున్నాక మళ్ళీ అటు పోలేదు. కంప్యూటర్‌లో తెలుగువాళ్ళ గ్రూపు ఒకటి దొరికింది. సరదాకి చిన్న చిన్న పడవలు, ఓడల నమూనాలు చేసేవాళ్ళు ఫొటోలు పెడతారు, మిగిలినవాళ్ళు బాగోగులు చెబుతారు. రెండొందల మంది ఉంటారు. నేను 'పాత మేస్త్రీ' అని పేరు పెట్టుకుని చేరాను. నెల తిరక్కుండా అందరూ నన్ను గురువుగారూ అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు ఎంత రుచించిందో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది.

నేను మాట్లాడే తీరు నీకు తెలుసు. కార్ఖానాలో నాకు పని నేర్పిన నిమాయ్ దా నేను చేసిన మొదటి తలుపుచట్రాన్ని కాలితో తన్ని, "దీన్ని మీ అత్తగారింట్లో బిగించుకో" అన్నాడు. మధ్యాహ్నం తన డబ్బాలో రొట్టెలు సగం నాకే పెట్టాడు. తిట్టినవాడే పక్కన కూర్చుని తినిపిస్తే తిట్టు పనిలో కలిసిపోతుంది. నేను కంప్యూటర్‌లోనూ అలాగే రాశాను. అక్కడ తిట్టు ఒక్కటే వెళుతుందని, రొట్టె పెట్టే చెయ్యి వెళ్ళదని నాకు తోచలేదు. పైగా నేను ఎంత ఘాటుగా రాస్తే కుర్రాళ్ళు అంత నవ్వేవారు.

ఏప్రిల్‌లో 'కెరటం' అనే పేరుతో ఒకాయన కొత్తగా చేరి, తను చేస్తున్న పడవ ఫొటో పెట్టాడు. మూరెడు పొడవు ఉంటుంది. అడుగు చదునుగా ఉంది, లోపల పక్కటెముకల్లాంటి చట్రం లేదు, ఒక్క మేకు లేదు. పలకల్ని పురికొసతో కుట్టాడు. కింద, "మొదటిసారి చేస్తున్నాను, తప్పులుంటే చెప్పండి" అని రాశాడు. ఇది ఏ పడవ అని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ ఉత్తరం లేదు. "ఇది పడవ కాదు నాయనా, కుడితి తొట్టి. నీళ్ళలో వదలకు, గేదె ముందు పెట్టు" అని రాశాను.

ఇక చూడు. ఒకడు "గేదెను కూడా చేసి పెట్టండి" అన్నాడు. ఇంకొకడు కుడితిలో పడ్డ ఎలుక బొమ్మ గీసి పెట్టాడు. అక్కడినుంచి అతణ్ణి కెరటం అనడం మానేసి ఎలుకగారూ అన్నారు. ఆయన ఎవరి మీదా కోప్పడలేదు. మూడు రోజుల తర్వాత ఇంకో వైపునుంచి తీసిన ఫొటో పెట్టి, నాకే రాశాడు: "గురువుగారూ, తప్పు ఎక్కడుందో చెబితే దిద్దుకుంటాను. మా మామగారికి ఇవ్వాలని చేస్తున్నాను. ఆయన ఓడల మేస్త్రీ, తప్పు పని ఆయన చేతిలో పెట్టలేను."

ఆ పడవ ఒక టేకు పీట మీద ఉంది. పీట మూల పగిలితే నడుం సన్నగా ఉన్న అతుకుముక్క వేసి బిగించిన గుర్తు ఉంది. ఆ అతుకు నేను వేసిందే, దాలమ్మా. నీ పెళ్ళిలో మీ ఇద్దర్నీ కూర్చోబెట్టిన పీట అది.

అప్పుడే నేను "ఆపండి, నాది తప్పు, అతను నా అల్లుడు" అని రాసి ఉండవచ్చు. ఒక్క నిమిషం పని. రాయలేదు. రెండొందల మంది ముందు గురువుగారు మాట ఎలా వెనక్కి తీసుకుంటాడు అనుకున్నాను. ఆ ఫొటో కాగితం మీద తీయించుకుని, కంప్యూటర్ కట్టేసి ఇంటికొచ్చేశాను. ఎనిమిది రోజులు అటు పోలేదు. నాకు తెలియక అన్న మాటకి నన్ను క్షమించుకోగలనేమో. తెలిశాక నోరు మూసుకున్న ఆ ఎనిమిది రోజులే నన్ను తినేస్తున్నాయి.

ఆ రోజుల్లోనే ఒకసారి కూర్మయ్య వస్తే, ఎవరిదో చెప్పకుండా ఫొటో చూపించాను. కూర్మయ్య దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఇది మన పడవే కదేటి! మా అయ్య దీనిమీదే సేపల ఏటకెళ్ళీవోడు. ఎవుడు సేసినాడు?"

"లోపల చట్రం లేదు కదయ్యా, మేకులూ లేవు."

"ఎందుకుంటాయి? కెరటం కొడితే పడవ ఒంగాల. మేకులేస్తే ఇరిగిపోద్ది. అందుకే తాడుతో కుడతారు. నీకు ఇనపోడలు తెలుసు గానీ గురువులూ, మా సంద్రం నీకేటి తెలుసు?"

నిజమే. పేరుకి శ్రీకాకుళం వాళ్ళం గానీ, నేను పుట్టిందీ పెరిగిందీ ఈ నది ఒడ్డునే. తన ఊళ్ళో తాతలు నడిపిన పడవని అల్లుడు కుట్టు కుట్టుగా సరిగ్గానే చేశాడు. అందులో నేను చూసిన తప్పులేవీ తప్పులు కావు.

మర్నాడు పొద్దున్నే సైబర్ కేఫ్‌కి పరిగెత్తాను. అప్పటికి ఎలుక బొమ్మలు పదిహేనయ్యాయి. వాటన్నిటి కింద కెరటం చివరి మాట ఉంది: "అర్థమైంది. మీ అందరికీ ధన్యవాదాలు." ఆ పేరు మీద నొక్కితే, ఇలాంటి సభ్యుడు లేడని వచ్చింది. నేను ఉన్నదంతా రాశాను, నా అసలు పేరుతో సహా. ఇద్దరు "పెద్ద మనసు గురువుగారూ" అన్నారు. ఒకడు "మేస్త్రీగారు కొత్త జోకు వేశారు" అన్నాడు. సాయంత్రానికి ఎవరో యుద్ధనౌక ఫొటో పెట్టారు, అందరూ అటు వెళ్ళిపోయారు. నా పాత మాట తీసేద్దామంటే తీయడానికి వీల్లేదు, ఒక రోజు దాటితే తీయనివ్వదట. అది ఇప్పటికీ అక్కడే ఉంది. తర్వాత తుఫాను వచ్చింది, దాని వెనకే నీ ఉత్తరం.

ఆ ఉత్తరంలో నువ్వు ఇలా రాశావు: "నాన్నా, ఆయన నీ కోసం నాలుగు నెలలు పడవ చేసినారు. ఏమైందో చెప్పరు. కుట్లన్నీ కోసేసి పొయ్యి కాడ పడేసినారు. ఆ పూట అన్నం దానితోనే వండినాను. నువ్వు మేస్త్రీవి, నీ మాటంటే ఆయనకి గురి, నాలుగు మంచి మాటలు రాయి."

నాలుగు మంచి మాటలు నా దగ్గర లేవు, తల్లీ. అవి ఏప్రిల్‌లో ఉండాల్సినవి. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. అల్లుడు "మామయ్యా, బాగున్నారా?" అనేసరికి రేకుల సంగతి చెప్పి పెట్టేశాను.

నువ్వు ఆయనకి తెలియకుండా ఇంగ్లీషు అక్షరాల్లో రాశావు. నేనూ అలాగే రాస్తే నువ్వొక్కదానివే చదువుకునేదానివి. కలకత్తా బళ్ళో నీకు తెలుగు అక్షరాలు అబ్బలేదు. నా తెలుగు ఉత్తరాలు పోలిరాజే నీకు చదివి వినిపిస్తాడు. అది తెలిసే ఇది తెలుగు అక్షరాల్లో రాశాను. నీ గుట్టు బయటపెట్టినందుకు నా మీద కోపం తెచ్చుకో.

పోలిరాజు బాబూ, ఆ పాత మేస్త్రీని నేనే. నీ పడవలో తప్పు లేదు. ఇంకో పడవ చెయ్యమని అడిగే మొహం నాకు లేదు, అడగను. ఎదురుగా వచ్చి చెప్పాల్సింది, ఆ ధైర్యమూ చాలలేదు. నువ్వు ఏమంటావో, ఎలా చూస్తావో ఇక్కడ కూర్చుని తెలుసుకునే దారి లేదు. ఈ పాటికి నువ్వు పైకి చదవడం ఆపేసి ఉంటావు. పక్కనుంచి దాలమ్మ "ఏటి, ఆపేసినారేటి? నాన్న ఇంకేటి రాసినాడు?" అని అడుగుతూ ఉంటుంది. ఏం చెబుతావో నీ ఇష్టం, బాబూ.

ఇట్లు,
దాలమ్మకి నాన్న, నీకు మామ,
గురువులు