రూతమ్మ పేరున మడ మొక్క

తెనాలి,
22 ఏప్రిల్ 2009.

మీకు నా వందనాలు. ప్రభువు దయవల్ల ఇంట్లో అందరం ఆరోగ్యంగా ఉన్నాం. పోర్ట్ బ్లెయిర్‌లో మీరూ వేళకు తింటూ బాగానే ఉన్నారని తలుస్తాను.

పాప దగ్గు గురించి అడిగారు, పూర్తిగా తగ్గింది. అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది గానీ ఆదివారం గుడికి నడిచే వెళుతోంది. వంటింటి పెంకులు మార్పించాను. ఇక నా ఆఫీసు సంగతి అడిగారు. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఆలస్యమైంది. ఫోనులోనైతే సగంలో ఆపేసేదాన్ని.

మా ఫైనాన్స్ కంపెనీ ‘పచ్చ డిపాజిట్’ పెట్టిన సంగతి మీకు తెలుసు. వడ్డీ కాస్త తక్కువ. బదులుగా డిపాజిట్‌కో మడ మొక్కను రేపల్లె దగ్గర సముద్రపు పాయల్లో నాటి, మనం కోరిన పేరు మీద సర్టిఫికెట్ ఇస్తారు. పర్యావరణానికి ఏం చేస్తున్నారో లోకానికి చెప్పమని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు రాసింది కదా, మాది బ్యాంకు కాకపోయినా మావాళ్ళూ ఏటా ఒక రంగుల పుస్తకం వేస్తున్నారు. అందులో తెనాలి బ్రాంచి పేజీలు రాసేది నేనే.

పోయినేడు అత్తయ్య మీ అక్క రూతమ్మ పేరున ఆ డిపాజిట్ వేసింది. డెబ్భై ఏడు ఉప్పెనలో మడ కొమ్మ పట్టుకుని తాను బతికి, ఐదేళ్ళ రూతమ్మను చేజార్చుకున్న తల్లి. ఆవిడను చూసి స్త్రీల సమాజంలో పదకొండు మంది వేశారు.

ఈ ఏటి పుస్తకానికి ఫోటోలు కావాలని పోయిన నెల నన్ను అక్కడికి పంపారు. “నేనూ వస్తానే, మొక్క ఎంతైందో చూసొస్తా” అని అత్తయ్య కూడా బస్సెక్కింది. రేపల్లెలో దిగి ఆటోలో కట్ట దాకా వెళ్ళాం. బురదలో మా కంపెనీ బోర్డు ఉంది, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. మొక్క ఒక్కటి లేదు. పీతలు పట్టే కొండయ్య అనే ఆయన్ని అడిగాను.

“మొక్కలాండి? ట్రాక్టరు మీద ఓ యాభై తెచ్చారమ్మా. గుచ్చి ఫోటోలు తీసుకుని, మళ్ళీ పీక్కుపోయారు. వేరే చోట కూడా ఫోటోలు కావాలంటండి.”

“అటువైపు మడ అడవి ఉండాలి కదయ్యా?” అంది అత్తయ్య.

“కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారు పెద్దమ్మా.”

ఆ చెరువుల పంపు షెడ్డు దాకా నడిచాం. అప్పు ఇచ్చినవాళ్ళ పేరు తలుపు మీద రాసి ఉంది. మా కంపెనీయే. అదే ఆకు బొమ్మ. తిరుగు బస్సులో అత్తయ్య కళ్ళు మూసుకుని కూర్చుంది.

మర్నాడు మేనేజరు వీరరాఘవయ్య గారికి అంతా చెప్పాను. ఆయన టిఫిన్ తింటూనే విన్నారు.

“నాటామని రాశాం గానీ, బతికాయని రాశామా స్టెల్లా? చెరువుల అప్పులు వేరే పేజీలో వస్తాయి. రెండు పేజీలూ కలిపి చదివేవాడెవడమ్మా?”

ఆయన చేతికంటిన చట్నీ చూస్తే రోత పుట్టింది.

ఇంతవరకు వాళ్ళ గురించి రాశాను. ఇప్పుడు నా గురించి రాయాలి. పోయినేటి పుస్తకంలో పదివేల నాలుగు వందల మొక్కలని ఉందే, ఆ అంకె నాది. ఎన్ని నాటారో రాయమన్నారు. కాంట్రాక్టరుకి మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదివేలంటే నమ్మరేమోనని నాలుగు వందలు కలిపాను. బాపట్ల మీటింగులో చప్పట్లు కొట్టి చేతిగడియారం ఇచ్చారు. కష్టపడినందుకని మీకు అబద్ధం రాశాను. ఆ పేజీ అత్తయ్యకి చదివి వినిపించిందీ నేనే. అది విన్నాకే ఆవిడ డిపాజిట్ వేసింది.

అత్తయ్యకి ఇదంతా చెప్పేశాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, సర్టిఫికెట్ తీసుకుని, మోకాలి నొప్పితోనే మా ఆఫీసుకి నడిచింది. వీరరాఘవయ్య గారు లేచి కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

“డబ్బు ఎప్పుడిస్తే అప్పుడివ్వండి బాబూ. నా పిల్ల పేరు మాత్రం మీ డిపాజిట్ల రిజిస్టరులోంచి కొట్టెయ్యండి, నేను చూస్తుండగా.”

ఆయన కొట్టేశారు. ఆవిడ ఆ గీత రెండుసార్లు చూసుకుని బయటికి వచ్చింది.

నాటామన్న మొక్కలు లేవని, పోయినేటి అంకె కల్పించింది నేనేనని రాసి సంతకం పెట్టి హెడ్డాఫీసుకి, హైదరాబాదులో రిజర్వు బ్యాంకుకి పంపాను. ఆదివారం సమాజంలో నిలబడి ఆ పదకొండు మందికీ చెప్పాను. వారంలోగా నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. పుస్తకం మాత్రం వేరేవాళ్ళ సంతకంతో అచ్చవుతోందట. రిజర్వు బ్యాంకు నుంచి ఇంకా ఏమీ రాలేదు.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెడితే తింటోంది, పాప జడ వేస్తోంది. కానీ ముప్పై ఏళ్ళుగా రోజూ పైకి చేసే ప్రార్థనలో మీ అక్క పేరు తలిచేది కదా, ఇప్పుడు నేను గదిలో ఉంటే ఆ పేరు దగ్గర ఆగిపోతోంది. నేను బయటికి వెళ్ళాక పూర్తి చేస్తోంది.

మీరు ఎంత కోపంగా రాసినా రాయండి, చదువుతాను.

ఇట్లు,
మీ భార్య,
స్టెల్లా