నా మాట ఆ పిల్ల నోట
జూన్ 1994, బుధవారం

ఒళ్ళంతా పులిసిపోయింది. అయినా నిద్ర రావడం లేదు.

జూబ్లీహిల్స్ బంగళాలో ఇవాళ ఐదో రోజు షూటింగ్. మా హీరోయిన్ రమ్య మద్రాసులో పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది కాని చదవలేదు. కెమెరా పక్కన నిలబడి నేను డైలాగు అందిస్తే విని చెబుతుంది. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఖాళీలో దానికి మా ఆయన సంగతులు చెప్పుకుంటూ వచ్చాను. నాకు నలభై, దానికి పదహారు. "అక్కా" అంటూ కళ్ళార్పకుండా వినేది. నా గోడు వినే తీరిక ఇంకెవరికుంది?

మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళమ్మ, "రేపు నాన్న వస్తున్నారే" అంది.

"వస్తే ఎంత, రాకపోతే ఎంత? ఉన్నా లేనట్టే" అంది రమ్య. మా ఆయన గురించి నేనన్న మాట, నా నిట్టూర్పుతో సహా.

ఆవిడ అన్నం కలపడం ఆపి నా వైపు చూసింది.

"అది చిన్నపిల్లండీ. మీ కష్టాలేవో మీ ఈడువాళ్ళతో చెప్పుకోండి."

లేచి చెయ్యి కడుక్కున్నాను.

పొద్దున మూడు ముక్కల డైలాగుకి తొమ్మిది టేకులు తిన్న పిల్ల, ఇది మాత్రం ఒక్క తప్పు లేకుండా చెప్పింది.