పదిహేడో సీసా

నవంబరు తొమ్మిది, ఆదివారం

అత్తకు నీ మేనకోడలు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, అమ్మా, నాన్నా క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, బుడ్డదీ క్షేమమని తలుస్తాను. ఉత్తరానికి ఇంతకన్నా మంచి మొదలు ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి నేనూ అదే రాశాను గానీ, ఆ రెండో వాక్యానికి నాకు చాలాసేపు పట్టింది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాన్న కంట పడకుండా అమ్మ దాచి ఇచ్చింది. మీ మెట్ల వీధికి పైనా కిందా ఉన్న వీధుల్లో తవ్వి, పాత సీసం గొట్టాలు తీసేసి కొత్తవి వేస్తున్నారనీ, మీ వీధిని మాత్రం చూసీ చూడనట్టు దాటేశారనీ రాశావు. మన నీళ్ళూ అనుమానమేనని ఎదురింటి దర్జీ ఆయన రోజూ గొణుగుతుంటే, మా మేనకోడలే పరీక్ష చేసింది, మన నీళ్ళు ముత్యాలు అని ఆయన నోరు మూయించావట. వదిన కూడా నా మాట మీదే మార్కెట్టు పంపు నుంచి బిందెలు మోయడం మానేసిందట. దర్జీ ఆయన ఇంకా నమ్మడం లేదు కాబట్టి, మెట్ల వీధి నీళ్ళు మంచివేనని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపమన్నావు. పంపు పక్కన గోడకి అంటిస్తానన్నావు.

కాగితం సంగతికి వస్తాను. ముందు ఆ ఎనిమిది వారాలు నేను మీ ఊరి ల్యాబులో ఏం వెలగబెట్టానో అడిగావు కదా, అది చెప్తాను. నాన్న ఇంతవరకూ అడగలేదు. సర్టిఫికెట్టు చూశాడు, ఫ్రేము కట్టించాడు, అంతే.

పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని గాజు గొట్టాల్లోకి తొంగిచూడటం అనుకుని వచ్చాను. మొదటిరోజే నలభై సీసాలూ, ఊరి మ్యాపూ చేతిలో పెట్టారు. నలభై వీధులు, వీధికో పంపు, ఎక్కువగా ఇళ్ళలోవే. గొట్టంలో రాత్రంతా నిలవున్న నీళ్ళే కావాలి కాబట్టి ఇంట్లో ఎవరూ పంపు తిప్పకముందే వెళ్ళి మొదటి నీళ్ళు పట్టాలి. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు మ్యూజియం చూస్తారు, నది ఒడ్డున తిరుగుతారు. నేను చూసింది జనం నిద్రమొహాలు. ఒకావిడ నన్ను నీటి ఆఫీసు మనిషిననుకుని, మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కడం లేదని అరగంట దులిపింది. నేను కాదు మొర్రో అన్నా వినలేదు. చివరికి దరఖాస్తు కూడా రాయించి నాకే ఇచ్చింది.

ప్రొఫెసరు గారిని ఎనిమిది వారాల్లో మూడుసార్లు చూశాను. అందులో ఒకసారి ఫోటో కోసం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అసలు పని నేర్పింది ల్యాబు చూసుకునే పెద్దాయన. మేమంతా ఆయన్ని సున్నా గారు అనేవాళ్ళం. రోజూ పొద్దున యంత్రంలో ముందు శుద్ధమైన నీళ్ళు పోసి, అది సున్నా చూపించేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సీసా మీద చీటీ వంకరగా అంటించినా ఒప్పుకోడు. నీళ్ళు అబద్ధమాడవమ్మా, చీటీలే ఆడతాయి అనేవాడు.

నాలుగో వారంలో నువ్వు గొడుగేసుకుని ల్యాబు గేటు దగ్గర నిలబడ్డం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది. సీసాల పెట్టె మోసుకుపోతున్న పిల్లని వదిన మార్కెట్టులో చూసిందనీ, ఆ ముక్కు మన ఇంటిదేనని పట్టేసిందనీ చెప్పావు. నాయనమ్మ పోయినరోజు నాన్న నీకోసం దహనం ఆపలేదని నీకు కోపం, నువ్వు రెండు గంటలు ఆలస్యం చేశావని ఆయనకి కోపం. పదకొండేళ్ళుగా అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ రెండు గంటల్నే పట్టుకుని కూర్చున్నారు. నేను మీరు అని మొదలుపెడితే, మీ నాన్నా నేనూ నువ్వనే అనుకుంటాం, నీకెందుకు మీరు అని కసిరి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళావు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఊరు చూపించావు. ఏ బస్సు వస్తే అది ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్ళడం, దిగి తిరిగి నడవడం. ఆరు నిమిషాలు వెనక నడిచే గడియార స్తంభం, పాత పుస్తకాల సందు, వంతెన మీద నువ్వు చెప్పులు తెంపుకోవడం. నేను సీసం కొలుస్తానంటే, మా రోజుల్లో సీసం అంటే పద్యమే, రాగం తీసి చదివితే గాల్లో కలిసిపోయేది అన్నావు. బుడ్డదానికి నన్ను అత్త అనడం నేర్పాలని నువ్వు పడ్డ పాట్లు చూసి వదిన, నేను నవ్వి చచ్చాం. రెండున్నరేళ్ళు నిండినా దానికి త్త దాటి మాట రాలేదు. కొందరు పిల్లలకి మాటలు ఆలస్యమేలే, మీ నాన్న కూడా అంతే అన్నావు.

ఇక మీ వీధిని ఎందుకు దాటేశారంటావా. మేం కొలిచిన సీసం పట్టికలో మీ వీధి పక్కన రెండు అని ఉంది. అంకె పది దాటిన వీధులకే గొట్టాలు మారుస్తారు. ప్రొఫెసరు గారు ఆ నలభై వీధుల్లో ఒక్కదానికీ వెళ్ళకుండా సంతకం పెట్టారు. నీటి ఆఫీసు వాళ్ళు పట్టిక చూశారు తప్ప కుర్చీలోంచి లేవలేదు. మీ గుమ్మం దాకా ఎవరూ రాలేదు అత్తా. మన దేవుళ్ళంతా కాగితం మీదే ఉంటారు.

నువ్వడిగిన కాగితం మాత్రం పంపడం లేదు. నేను విద్యార్థిని. అలా రాసిచ్చే అధికారం నాకు లేదు. దర్జీ ఆయనకి అలాగే చెప్పు. వదినని అడిగానని చెప్పు, బుడ్డదానికి ముద్దులు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: సోమవారం పొద్దున. రాత్రి ఈ ఉత్తరం కవర్లో పెట్టి అంటించాను. ఇప్పుడు ఆ కవరు చింపాను.

అధికారం లేక కాదు. పైన ప్రొఫెసరు గారి మీదా ఆఫీసు మీదా రాసినదంతా ఆడలేక మద్దెల ఓడన్నట్టు రాసిందే. మెట్ల వీధి పదిహేడో సీసా. మొదటి వారంలోనే దానికోసం వచ్చాను. తొంభై నాలుగు మెట్లు ఎక్కి, జాబితాలో ఉన్న ఇంటి ముందు నిలబడి తలుపు తట్టబోతుంటే లోపల ఎవరో దగ్గారు. అచ్చం నాన్న దగ్గు. నువ్వు ఆ కొండ మీద ఎక్కడో ఉంటావని తెలుసు గానీ, అది నీ ఇల్లేనని అప్పుడే తెలిసింది. ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కకు అని నేను బయల్దేరేటప్పుడే నాన్న చెప్పాడు. వెనక్కి తిరిగాను. ఎదురుగా దర్జీ ఆయన తలుపు ఉంది, వీధిలో ఏ ఇల్లైనా సరిపోతుంది. అదీ తట్టలేదు. నువ్వు కిటికీలోంచి చూస్తావని భయం, ఆకలి, బద్ధకం. హాస్టలుకి వచ్చి అక్కడి పంపులో సీసా నింపి, పదిహేడు అని చీటీ అంటించాను. తిన్నగానే అంటించాను.

హాస్టలు పంపు ఒకటో సీసా. ఒకటీ పదిహేడూ కవలల్లా ఉన్నాయే అని సున్నా గారు అంకెలు చూసి నా మొహం చూశాడు. ఒకే గొట్టం అయ్యుంటుందండీ అన్నాను. ఆయన పదిహేడు పక్కన కూడా రెండు అని రాసుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

నువ్వు గేటు దగ్గరికి వచ్చేసరికి పట్టిక తయారైపోయింది. చెప్తే సర్టిఫికెట్టు పోతుంది, ప్రొఫెసరు గారు ఇస్తానన్న సిఫారసు పోతుంది. ఆదివారాలన్నీ నీ చేతి అన్నం తింటూ నోరు మూసుకున్నాను. చివరి ఆదివారం మీ ఇంట్లోనే పడుకున్నాను కదా. తెల్లారగానే ఎవరికన్నా ముందు లేచి పంపు దగ్గరికి వెళితే, నువ్వు నా వెనకే వచ్చి, దారిలో తాగడానికా అని సీసా లాక్కుని నువ్వే నింపావు. మూత కూడా నువ్వే బిగించావు. సున్నా గారు భోజనానికి వెళ్ళినప్పుడు ఆ నీళ్ళని యంత్రంలో పెట్టాను. నలభై ఆరు వచ్చింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. నీళ్ళు సింకులో పారబోసి, సాయంత్రం సర్టిఫికెట్టు తీసుకుని రైలెక్కాను.

అప్పటినుంచీ నాకు తెలుసు. మీరు రోజూ తాగుతున్నారని తెలుసు. నా పరీక్షని నమ్మి వదిన బిందెలు మానేసిందని మాత్రం నీ ఉత్తరంలోనే తెలిసింది.

ఉత్తరం చేరేదాకా ఆగకూడదు కాబట్టి ఇప్పుడే వదినకి ఫోను చేశాను. మార్కెట్టు పంపు నీళ్ళే పట్టమన్నాను. అది ముప్పై రెండో సీసా, ఆ నీళ్ళు మంచివే, నేనే పట్టాను, నిజంగానే పట్టాను. కాచినా సీసం పోదనీ, ఇంకా చిక్కబడుతుందనీ చెప్పాను. ఎందుకని అడిగింది. అత్తకి రాశానని ఫోను పెట్టేశాను. వదినతో చెప్పే ధైర్యం రాలేదు. అది నీకే వదిలేస్తున్నాను, ఇది కూడా.

బుడ్డదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, రక్తంలో సీసం ఎంతుందో చూడమని అడగండి. దాని మాటలు ఆగింది నీళ్ళ వల్లేనని నేను చెప్పలేను. కాదని సంతకం పెట్టలేను.

ఇదే సంగతి ప్రొఫెసరు గారికీ, నీటి ఆఫీసుకీ రాశాను. మూడు కవర్లూ ఒకేసారి పోస్టులో వేస్తాను. ఒక్కొక్కటే వేద్దామనుకుంటే నా మీద నాకు నమ్మకం లేదు. నాన్నకి సాయంత్రం చెప్తాను.

కాగితం కూడా ఇందులోనే ఉంది. మెట్ల వీధి నీళ్ళు తాగకండి, పరీక్ష చేశామన్నది అబద్ధం, ఆ అబద్ధం నాది అని రాసి కింద సంతకం పెట్టాను. చెప్పినట్టే పంపు పక్కన అంటించు. దర్జీ ఆయన్ని ముందు చదవనీ.