తలుపు తట్టని రాజు

బ్రిస్టల్,
ఆదివారం

చిరంజీవి ఫీబీకి,

అమ్మ ముద్దులు. మేమిక్కడ కులాసా అని మొదటి వరుసలోనే రాయాలి కదా, రాశాను. అది ఎంతవరకు నిజమో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. నువ్వూ, అల్లుడూ, పసిదీ బాగున్నారని తలుస్తాను.

పసిదాని స్వెట్టర్‌కు ఇంకొక చెయ్యి అల్లాలి. నాన్నకు కొత్త సినిమా కుదిరిందా అని అడిగావు. కుదిరింది, మళ్లీ ఓడ కెప్టెన్ వేషమే. మొన్న చేపల దుకాణం అతను మీ నాన్నకు సెల్యూట్ కొట్టి, "కెప్టెన్ గారూ, ఇవి మీ సముద్రంలో చేపలే" అన్నాడు. ఈటె పట్టుకుని మూల నిలబడే వేషాలతో ఊరూరా తిరిగిన మనిషి. లండన్ నాటకాల్లో రాజులు వేసి, తెరకెక్కి, బహుమతులు పుచ్చుకుని, ఆఖరికి చేపలవాడి మాటకు మురిసిపోయి సంచి నింపుకొచ్చారు. వాటితో వేగింది నేను.

జ్వరం తగ్గిందా అని కూడా అడిగావు. జ్వరమని నాటకం ఆపారంటూ పేపర్లో నువ్వు చదివింది నాటకం మేనేజరు చెప్పిన మాట. నాన్నకు జ్వరం రాలేదు, ఫీబీ.

గురువారం సాయంత్రం మేకప్ గదిలో ఆయన తొడుక్కున్న రాజు అంగీకి నేను బొత్తాం కుడుతున్నాను. ఎన్నో ఏళ్లుగా ఆయనకు వేషాలు తొడిగే ఎనిడ్ కిరీటం తుడుస్తోంది. మీ నాన్న అద్దంలో చూసుకుంటూ ఈల వేశారు. నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ గదిలో ఈల వేస్తే నాటకానికి కీడని నీకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే.

"ఇన్నేళ్ల పరువు మంటగలిపారు గురువుగారూ. నడవండి బయటికి. కీడు పోవాలంటే మూడు చుట్లు తిరిగి, తలుపు తట్టి అడగాలి, అప్పుడే రానిస్తాం" అంది ఎనిడ్.

"రాజునే గెంటేస్తావుటే?"

"రాజైతే ఏంటి, ఈల ఈలే."

నవ్వుతూ వెళ్లారు. మేమూ నవ్వుకుంటూ తలుపు చప్పుడు కోసం చూశాం.

"బతిమాలించుకుందామని ఎత్తు వేశారమ్మా. మీరు తియ్యకండి" అంది ఎనిడ్.

తెర లేచే గంట మోగింది. ఆయన తట్టలేదు. తలుపు తీస్తే నడవాలో ఎవరూ లేరు.

వీధి చివర బస్సు స్టాపులో దొరికారు, ఆ రాజు అంగీలోనే. సినిమా తీస్తున్నారనుకుని జనం మూగారు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆయన నాకేసి ఎంతో మర్యాదగా చూశారు.

"అమ్మా, ఆ గదిలోంచి నన్ను పంపేశారు. ఏం తప్పు చేశానో చెప్పలేదు. మా ఆవిడ హెస్టర్‌కి కాస్త కబురు పెడతారా?"

"పెడతానండి" అన్నాను. ఇంత కాపురం చేసి, నాకే కబురు పెట్టమని ఆయన చేత నేనే అడిగించుకున్నాను.

ఇది మతిమరపు జబ్బు, ముదిరేదే గాని తగ్గేది కాదన్నాడు డాక్టరు. నాటకం ఆగింది. సినిమావాళ్లకు, ఇక రారని నేనే చెప్పాను. నీకు ఫోనులో కాకుండా, ఇలా రాసి చెబుతున్నాను.

మర్నాటికి నన్ను గుర్తుపట్టారు. కానీ అప్పటినుంచి మనింట్లో ఏ గదికి వెళ్లినా గుమ్మం బయట మూడు చుట్లు తిరిగి, తలుపు తట్టి, "లోపలికి రావచ్చా?" అని అడుగుతున్నారు. తలుపు బార్లా తీసి ఉన్నా అంతే. నేను పని వదిలి వెళ్లి "రండి" అంటాను. అనకపోతే అక్కడే నిలబడిపోతారు.

నువ్వు త్వరగా రా. నేను కూరలకు వెళ్లినప్పుడు, ఆయనను "రండి" అనడానికి ఇంట్లో మనిషి ఉండాలి.

ఇట్లు,
తలుపు దగ్గరే కూర్చున్న
మీ అమ్మ