డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

మిషన్ దవాఖాన,
1959 ఫిబ్రవరి

ప్రియమైన గాలన్నకు,

అమ్మ కడుపులో గడ్డ తీసేశారు. కానీ జ్వరం దిగడం లేదు. నర్సు పని నేర్చుకుంటున్నానన్న మాటే గానీ, అమ్మ మంచం దగ్గరికి పోతే నేర్చుకున్నదంతా మరిచిపోతున్నాను. నిన్న దొరసాని డాక్టరమ్మను "విల్ మై మదర్ లివ్?" అని అడిగేశాను. ఆమె జవాబు చెప్పేలోపే పెద్ద నర్సు పుష్పమ్మ నన్ను పక్కకు లాగింది. "గట్లనా అడిగేది? పోలీసోళ్ల తీర్గ!" అంది. మర్యాదగా ఎలా అడగాలన్నా? బడిలో ఇంగ్లీషు చెప్పేవాడివి, వెంటనే రాయి.

నీ చెల్లె,
అరుణమ్మ

మక్తల్

ప్రియమైన అరుణకు,

పరీక్షల రోజులు, నాకు సెలవు దొరకలేదు. "ఐ వాంటెడ్ టు ఆస్క్" అని మొదలుపెట్టు. అడిగేది ఇప్పుడే అయినా క్రియను భూతకాలంలో పెడితే వాళ్లకు మర్యాద. మనం మాత్రం పటేల్ ముందు "ఒక మాట అడుగుదామని వచ్చిన" అనమా? అట్లాంటిదే. అమ్మ ఏమన్నా తింటున్నదా? అది రాయలేదేం?

ఫికరుతో,
నీ అన్న గాలయ్య

దవాఖాన

అన్నా,

నీ వాక్యం వల్లెవేసుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే ఆమే అడిగింది: "డిడ్ యు వాంట్ టు టేక్ యువర్ మదర్ హోమ్?" తీసుకుపోవాలనుకున్నావా, అని! అంటే ఇక ఆ ఆశ లేదనేగా? మన దిక్కున దవాఖానోళ్లు ఇంటి మాట ఎప్పుడెత్తుతారో నీకు తెలుసు, ఇక లాభం లేదన్నప్పుడే. బయటికి పరుగెత్తాను. ఆమె వైద్యానికి ఊళ్ల మీదికి వెళ్లిపోయింది. జ్వరం తగ్గింది గానీ అమ్మ కళ్లు తెరవకుండా పడుకునే ఉంటున్నది. ఇది అందగానే బయలుదేరు.

అరుణ

మక్తల్

ప్రియమైన చెల్లెకు,

బస్సు కుదుపులకు డ్రైవర్‌నూ నన్నూ తిట్టుకుంటూనే అమ్మ ఇల్లు చేరింది. ఈ పొద్దు జొన్న గట్క తిన్నది.

నీకొకటి చెప్పలేదు. భూతకాలం మర్యాద అని రాసి పంపినవాణ్ణి నేనే. అయినా నీ ఉత్తరంలో 'డిడ్' చూడగానే నాకూ చావే కనబడింది. బజారులో తెల్లబట్ట కొని, సంచిలో అడుగున పెట్టుకుని బస్సెక్కాను. వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని తల దువ్వించుకుంటున్నది. నువ్వు పక్క వార్డుకు పోయినప్పుడు, ఊళ్ల నుంచి తిరిగొచ్చిన డాక్టరమ్మ, "బాగైంది కదా, ఇంటికి తీసుకుపోతారా అనే అడిగాను, ఆ పిల్ల ఎందుకు పరుగెత్తింది?" అని ఇంగ్లీషులో అడిగింది. నేను సంచిని మంచం కిందికి నెట్టేశాను.

ఇంటికొచ్చాక అమ్మ నా సంచి సర్దుతూ ఆ బట్ట బయటికి తీసింది.

"గిదేందిరా? ఎవలికి తెచ్చినవ్?"

నేను సంచిలో మిగిలినవి తీయసాగాను. అమ్మ నా మొహం చూసింది. బట్టను వేళ్లతో నలిపి చూసింది.

"మంచిగున్నది. రెండు రవికెలైతయ్. దర్జీకి ఇచ్చిరాపో."

ఇచ్చి వచ్చాను.

నీ అన్న,
గాలయ్య