బాపు తుపాకి ఎవరికి

నిజామాబాద్ పట్టణం ఖలీల్‌వాడిలో కాపురముంటున్న, కీర్తిశేషులు విఠల్‌రావు పటేలు గారి బిడ్డ గోదావరి, వయస్సు నలభై ఆరు, వృత్తి ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుట, అను నేను, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఒకరు చెప్పితే కాదు, ఒకరికి జంకి కాదు, నా అంతట నేనే ఈ వీలునామా రాస్తున్న. బుద్ధి స్థిరంగా ఉన్నదని కూడా రాయాలని వకీలు బాలనర్సయ్య గారు చెప్పిండ్రు. స్వాధీనంలో ఉన్నది. స్థిరంగా ఉన్నదని మాత్రం ప్రమాణం చెయ్యలేను. కింద ఐదో క్లాజు ఇప్పటికే రెండుసార్లు రాసి చింపిన.

వచ్చే సోమవారం హైదరాబాదులో నా కడుపులోని గడ్డకు ఆపరేషన్ ఉన్నది. భయపడవలసింది ఏమీ లేదని డాక్టరు తనంతట తానే అన్నడు. నేను అడగని మాట ఎందుకు చెప్పిండో అర్థం కాక ఇంట్ల ఒక్కచోట కూర్చోలేకపోతున్న. అందుకే ఈ కాగితం. దీన్ని అమలు జరిపే బాధ్యత బాలనర్సయ్య గారిది. ఇంతకుముందు నేను నోటితో ఎవరికి ఏం ఇస్తనన్నా అదంతా రద్దు.

1. నేనుంటున్న ఇల్లు, పెరడుతో సహా, చనిపోయిన మా అన్న భార్య గంగుబాయికి ఇస్తున్న. వదినెకు నా మీద ఉన్న కోపం ఇంటి మీద చూపించకుండ ఉంటే చాలు. మా బాపు విఠల్‌రావు గారి తుపాకిని, ఆడది పట్టిందని, దసరానాడు ఆయుధపూజలో ఏనాడూ పెట్టనియ్యలేదు. కత్తిపీటకు పసుపు పెట్టింది, కుట్టుమిషనుకు పెట్టింది, నా కొడవలికి కూడా పెట్టింది. నాకు పెండ్లి కాకపోవడానికి తుపాకే కారణమని చుట్టాలందరికీ చెప్పింది. తుపాకి కారణం కాదు వదినె. వచ్చిన సంబంధాలు నువ్వు కూడా చూసినవు గద.

2. నా పుస్తకాలు కాలేజీకి. నా దుర్బిణి మాత్రం బోధన్‌ల ఉండే హుసేన్ బీకి. బాపుతో వేటకు పోయే అయ్యూబ్ చాచా భార్య ఆమె. చాచా పోయిండు, ఆమెకు చూపు మందగించింది. దుర్బిణి పెట్టుకుంటే మిద్దె మీది నుంచి చెరుకు బండ్లు ఎవరివో తెలుస్తయి, బండ్లోళ్లను పేరు పెట్టి తిట్టొచ్చు అని ఒకసారి అడిగి తీసుకుని, పొద్దుగూకేదాక ఇయ్యలేదు.

3. బోధన్ తాలూకాలో మంజీర వైపున్న నా చెరుకు భూమి అన్న కొడుకు రామ్‌దాస్‌కు. వాడే దున్నుతున్నడు, వాడే తింటడు. దీంట్లో నాకు అనుమానం లేదు.

4. పక్క పొలం బాపురావు దొరకు నా ఆస్తిలో గడ్డిపరక కూడా లేదు. చుట్టం వరసకు వస్తడు గనుక రాయవలసి వచ్చింది. జీపు లైట్లు కండ్లల్ల కొట్టి, బెదిరి నిలబడ్డ జింకలను, కడుపుతో ఉన్న లేడి అని కూడా చూడకుండ కొట్టి, పట్నం నుంచి వచ్చిన చుట్టాలతోని ఫోటోలు దిగే మనిషి నా పాడె పట్టొద్దు. పడ్తనంటే రామ్‌దాస్ వెనక్కి పంపాలె.

5. బాపు తుపాకి.

రెండు నాలీల, అంటే రెండు గొట్టాల, తుపాకి. లైసెన్సు నా పేరు మీద ఉన్నది. దీన్ని రామ్‌దాస్ నోరు తెరిచి అడిగిండు. మొదటిసారి వాడికే అని రాసిన. రెండోసారి ఠాణాల జమ చెయ్యాలె అని రాసిన. రెండూ చింపిన తర్వాత, కారణం రాయకుండ ఇది ఎవరికిచ్చినా తప్పే అయితదనిపించింది.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. మంద నుంచి విడిపోయిన ముసలి మగజింక అయితేనే తుపాకి ఎత్తాలె. ఒక్క దెబ్బకు, జబ్బ వెనుక, గుండెల తగలాలె. తగలదనిపిస్తే కొట్టొద్దు. అయ్యూబ్ చాచాకు ఇంకో పద్ధతి. దెబ్బకే ప్రాణం పోతే ఆ మాంసం వాళ్లింట్ల పనికిరాదు. ప్రాణం ఉండంగనే బిస్మిల్లా అని గొంతు మీద కత్తి పడాలె. బాపు కొట్టేటోడు, చాచా ఉరికేటోడు. చాచా చేరేసరికి జింక చచ్చి ఉంటే మాంసమంతా మా దిక్కు, వట్టి తోలు వాళ్ల దిక్కు. నా గురి కుదురుకున్న ఏడాది వాళ్లింటికి నాలుగు తోళ్లు పోయినయి. “బిడ్డా, నీ చెయ్యి సాఫైతున్నకొద్ది నా హండీ ఎండుతున్నది, జర చెడగొట్టుకో” అని హుసేన్ బీ నవ్వుకుంట అన్నది. నవ్వుకుంటనే అన్నది గాని తలుపు దగ్గర పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉండిరి.

ఇందులో సంతోషమేందని కాలేజీల తోటి ఆడవాళ్లు అడుగుతరు. చెప్తే ఇంకా ఏదో దాచుకున్నట్టుంటది, చెప్పకపోతే తప్పు చేసినట్టుంటది. తెల్లారంగ జొన్న కోసిన మోళ్లల్ల పొట్ట మీద పాకుడు. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటున్నదో చూసుడు. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములు మంచుల నుంచి కొద్దికొద్దిగ తేలుడు. అది తలెత్తి నా దిక్కే చూస్తుంటే నేను ఊపిరి పట్టుకుని మట్టి లెక్క పడి ఉండుడు. ఇంతల గాలి తిరుగుతది. లేకపోతే చెరుకు బండి కిర్రుమనుకుంట వస్తది, బండోడు పాట ఎత్తుకుంటడు. లేకపోతే ఫ్యాక్టరీ కూత పెడతది. మంద మొత్తం ఎగిరి పోతది. మోకాళ్లు చీరుకుపోయి, చీర కుచ్చిళ్లు బురదై, వట్టి చేతులతోని ఇంటికి వచ్చి, అదే పొద్దు పిల్లలకు పువ్వుల భాగాలు చెప్పిన రోజులే ఎక్కువ. దొరికిన రోజు కంటె ఆ రోజులే నిమ్మళంగ ఉండెడివి. అయితే మరి తుపాకి ఎందుకు పట్టుకపోయినవని నన్ను నేనే అడిగిన. ధర్మంగ వేటాడుడు అనే మాట మనం మన కోసం పెట్టుకున్నది కావచ్చు. జింకకు దెబ్బ దెబ్బే.

నిరుడు చెరుకు కొట్టే రోజులల్ల చాచా కొడుకు జమీల్ బిడ్డ రబియాకు నిఖా కుదిరింది. వలీమా విందుకు జింక మాంసం తెస్తనని రామ్‌దాస్ మాటిచ్చిండు. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల వీడిని అన్న అన్న అనుకుంట తిరిగింది. తెల్లారి ముగ్గురం పోయినం, జమీల్ చేతిల చాచా కత్తి. గట్టు అవతల ముసలి మగజింక ఒంటిగ నిలబడ్డది. తుపాకి ఎత్తిన రామ్‌దాస్ గురి జబ్బ వెనుక ఉండంగ నేను చూసిన. ఆఖరి గడియల నాలీ వెనుక కాలి దిక్కు జరిగింది. పేలింది. జింక కూలబడి, లేచి, కాలు ఈడ్చుకుంట చెరుకు తోటల జొచ్చింది.

జమీల్ కత్తి పట్టుకుని తోటల దూరిండు, వాని వెనుక రామ్‌దాస్. చెరుకు ఆకు చేతులూ మొఖమూ కోస్తుంటే పొద్దుందాక వెతికిండ్రు. చెరుకు కొట్టే కూలీలు, నక్కలు చూసుకుంటయి పోండ్రి అన్నరు. వీళ్లు పోలేదు. మరునాడు ఆ తోటకే కొడవండ్లు పడ్డయి. కొట్టుకుంట వస్తుంటే తోట చిన్నగైంది, జింక ఇంకా లోపలికి జరిగింది. చివరికి నాలుగు సాళ్లు మిగిలినంక అండ్ల దొరికింది, ప్రాణంతోనే. జమీల్ బిస్మిల్లా అని కత్తి వేసిండు. పద్ధతి ప్రకారం ఆ మాంసం వాళ్లకు పనికొస్తది.

హుసేన్ బీ పొయ్యి మీద పెట్టనియ్యలేదు. “కితాబు ఒప్పుకుంటది బేటా, నా చెయ్యి ఒప్పుకోదు. రెండు దినాలు గోస పడ్డదాన్ని పెండ్లికి వండుత?” అన్నది. రామ్‌దాస్ వాకిట్ల నిలబడి నెత్తురు కారే చేతులతోని, “దాదీ, ప్రాణముండాలని నీ కోసమే గద వెనుకకు కొట్టిన” అన్నడు. ఆమె వాడి చేతులు కడిగి పసుపు పెట్టింది. మాంసం మాత్రం కూలీలకు పోయింది. వలీమాల వంకాయ వండిండ్రు.

దారిల వాడు నన్ను అడిగిండు: “అత్తమ్మా, నీ తీరుగ కొడితె వాళ్లు తినరు. వాళ్ల తీరుగ కొడితె నువ్వు మాట్లాడవు. నేనెట్ల కొట్టాలె, చెప్పు.” ఏడాది అయింది, నేను చెప్పలేదు. నాకు తెలియక. వాడిది క్రూరం కాదు, ప్రేమ. ప్రేమతోని ఇంత గోస పెట్టినోడి చేతికి మళ్లీ తుపాకి ఇచ్చుడెట్ల? అంత కోసుకపోయినా తోట వదలనోడికి ఇయ్యకపోవుడెట్ల?

మొన్న ఆస్పత్రి సంచి సర్దుతుంటే ఒకటి తోచింది. బాపు, చాచా ఇద్దరి పద్ధతీ నిలబడ్డ రోజులు లేకపోలేదు. అప్పుడు వాళ్లు జింకకు చాలా దగ్గరికి పోయి ఉండిరి. దెబ్బా కత్తీ ఒకే ఊపిరిలో పడెడివి. అంత దగ్గరికి పోలేని పొద్దు ఇద్దరూ బీడీ ముట్టించి ఇంటి దారి పట్టెడివాళ్లు. నా గురి దూరం నుంచి కుదిరింది, అందుకే దగ్గరికి పోవుడు మానేసిన. రామ్‌దాస్‌కు నేర్పింది కూడా అదే, దూరం నుంచి కొట్టుడు.

కనుక ఈ మూడోసారి రాస్తున్నది ఖాయం. ఈ తుపాకి చేత్తోనే రెండుగా విడిపోతది. భుజానికి ఆనించే చెక్క కుందా, తూటాను కొట్టే గుర్రం, ట్రిగ్గరు ఉన్న సగం రామ్‌దాస్‌కు. రెండు నాలీలు బోధన్ జమీల్‌కు. ఎవరి సగం వాళ్ల ఇంట్ల ఉండాలె. ఒకడు పిలిస్తే ఇంకొకడు వస్తేనే తుపాకి అయితది. చేరేదాక పాకే ఓపిక ఇద్దరికీ లేని పొద్దు దాన్ని కలపొద్దు. ఆయుధాల చట్టం సగం తుపాకిని ఎరగదని బాలనర్సయ్య గారు తల పట్టుకున్నరు. లైసెన్సు రామ్‌దాస్ పేరు మీద, జమీల్ పేరు అందులో రెండో మనిషిగ ఎక్కియ్యాలని దరఖాస్తు పెట్టేది వారే. వేట పూర్తిగ బందు చేసే చట్టం వస్తదని పేపర్లు రాస్తున్నయి. వస్తే, ఇద్దరూ కలిసి, ఎవరి సగం వాళ్లు మోసుకపోయి ఠాణాల ఇయ్యాలె.

రామ్‌దాస్, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇదే. ఎట్ల కొట్టాలెనో నాకు ఇప్పటికీ తెలియదు. జమీల్‌ను పక్కన పెట్టుకుని, ఇంకొంచెం దగ్గరికి పో.

చదువుకుని, సరిగా ఉన్నదని ఒప్పుకుని, ఈ కింద సంతకం చేసిన.

నిజామాబాద్, 1971 ఫిబ్రవరి 6, శనివారం

(సంతకం) వి. గోదావరి

సాక్షులు, మా ఎదుట సంతకమైనది:
1. హన్మండ్లు, కాలేజీ లైబ్రేరియన్
2. ముత్తవ్వ, మంత్రసాని, ఖలీల్‌వాడి (ఎడమ బొటనవేలి ముద్ర)